ఓలబింబాలో రైలు

చిలకలగూడ మిషన్ బడిలో ముప్పై నాలుగేళ్లు ఎల్కేజీకి చెప్పిన జ్ఞానమణి టీచరుకు ఈ లోకం మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. పదో తరగతి లెక్కల మాస్టారును ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఆయన మార్కెట్లో వంకాయలు ఏరుకుంటూ కనిపించినా బ్యాంకు మేనేజర్లు స్కూటరు దిగి నమస్కారం పెడతారు. ఎల్కేజీ టీచరు మాత్రం ఎవరికీ గుర్తుండదు. చీమిడి తుడిచిందెవరు? ఏ చెప్పు ఏ కాలిదో చెప్పిందెవరు? నిక్కరు తడుపుకుంటే గుట్టుచప్పుడు కాకుండా మార్చిందెవరు? అవన్నీ వాటంతటవే జరిగిపోయాయి కాబోలు!

ఒకసారి బస్సులో కండక్టర్ని చూడగానే ఆవిడ గుర్తుపట్టింది. జారుడుబండ మీంచి పడితే గడ్డం కింద పడిన మచ్చ అలాగే ఉంది. ఆ రోజు ఆ గడ్డానికి తన చీర కొంగు అడ్డం పెట్టి ఆసుపత్రికి పరుగెత్తింది తనే. ముఖం చాటంత చేసుకుని వాడివైపు చూస్తే వాడు, "అమ్మా, జెర ముందుకు జరుగు, దర్వాజ కాడ నిలవడకు" అన్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి భర్త దేవానందం గారికి నెల రోజుల పాటు చెప్పింది. ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. రైలు చివర పెట్టెలో ముప్పై ఏళ్లు ఒంటరిగా కూర్చున్నవాడికి వినడం బాగా అలవాటు.

ఇక ఆవిడ పాట గురించి చెప్పాలి. బడి గోడకు అవతల రైలు పట్టాలు. ఎల్కేజీ గది పట్టాలకు మరీ దగ్గర. ఇంజను కూత పెడితే డబ్బాలో సుద్దముక్కలు గలగలలాడేవి. కొత్తగా చేరిన పిల్లలు బేరుమనేవాళ్లు, పాతవాళ్లు కిటికీ మీదికి ఎగబడేవాళ్లు. ఆ గోలలో పాఠం చెప్పడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. అప్పుడు టీచరు బైబిల్లో జంతువులన్నీ ఎక్కిన నోవహు ఓడ మీద ఒక యాక్షన్ సాంగ్ కట్టింది:

ఏనుగొచ్చె, ఎలుక వచ్చె, ఎక్కరండి ఓడ!
కోతి వచ్చె, కొంగ వచ్చె, కూరుచోండి ఓడ!

కుడిచెయ్యి ముందుకు, ఎడమచెయ్యి ముందుకు, రెండు చేతులు భుజాల మీదికి, తల మీదికి, నడుం మీదికి. అంతలో పది ఇరవై ప్యాసింజరు వచ్చేది. వెంటనే అందరూ చెవులు మూసుకుని గొంతుక్కూర్చోవాలి. టీచరు కిటికీలోంచి మెడ చాచి చివరి పెట్టె దాటేదాకా చూసి, "పోయింది, లేవండి!" అనేది. పిల్లలు ఎగిరి లేచి, గిర్రున ఒక చుట్టు తిరిగి మళ్లీ ఏనుగుతో మొదలుపెట్టేవాళ్లు. ఏడుపులు లేవు, కిటికీ లేదు. రానురాను రైలు రాకపోయినా సరే, నడుం తర్వాత చెవులే. పట్టాలకు మూడు మైళ్ల దూరంలో యానివర్సరీ జరిగినా స్టేజీ మీద నలభై మంది పిల్లలు లేని రైలుకు చెవులు మూసుకుని కూర్చునేవాళ్లు. చూడవచ్చిన తల్లిదండ్రులు అదేదో బైబిల్లో ఉందనుకునేవారు.

తొంభై మూడులో ఆవిడ రిటైరైంది. ఒక శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. తొంభై ఏడులో చర్చి సంఘానికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయని పాస్టరు జకర్యా అయ్యగారు సావనీరు వేయించ తలపెట్టారు. సండే స్కూల్లో కూడా పసిపిల్లల తరగతి టీచరుదే కదా, తన పేరు ఎలా వచ్చిందో చూద్దామని ఆవిడ ప్రూఫు అడిగి తీసుకుంది. సూపరింటెండెంట్లందరి పేర్లూ ఫొటోలతో ఉన్నాయి. పియానో బాగుచేసినాయన పేరు కూడా ఉంది. చివర, "చిన్నపిల్లల తరగతి: తదితరులు" అని ఉంది.

"ఏమండీ, నేను తదితరుల్నట" అంది ఇంటికొచ్చి.

"రైల్వేలో మమ్మల్ని 'ఇతర సిబ్బంది' అనేవాళ్లు. తదితరులే నయం, కాస్త గౌరవంగా ఉంది" అన్నారు దేవానందం గారు. ఆ పూట ఆయనకు చారులో ఉప్పు పడలేదు.

ఆవిడ అలా ఉడికిపోతుండగా ఊళ్లోకి ఓలబింబా వచ్చి పడింది. ఏ దేశం పాటో, ఏ భాషో ఎవరికీ తెలియదు. ఓలబింబా అనే ఒక్క ముక్క తప్ప ఎవరికీ ఒక్క మాటా నోరు తిరగలేదు, అయినా దానికి చేతులూ కాళ్లూ ఆడించని మనిషి లేడు. మొదట కేబుల్ టీవీలో అసలుది వచ్చింది. నెల తిరక్కుండా హిందీలో ఒకటి, తెలుగులో రెండు దిగాయి. వినాయకచవితికి భక్తి క్యాసెట్టులో అదే వరస, ఎన్నికల జీపులో అదే వరస, బట్టల సబ్బు ప్రకటనలో అదే వరస. పక్కింటి అనసూయమ్మ కొడుకు సదాశివ బోయిన్‌పల్లి మార్కెట్టుకు కూరగాయల వ్యాను నడుపుతాడు. ఆ వ్యాను వెనక్కి వస్తే ఓలబింబా. పొద్దున్నే నాలుగిళ్ల వాళ్లు ఆ రివర్సు హారనుకే నిద్ర లేచేవాళ్లు. జ్ఞానమణి టీచరు చెవుల్లో దూది పెట్టుకుని ప్రార్థన చేసుకునేది.

ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ వరండాలో బియ్యం ఏరుతోంది. వీధిలో సదాశివ, వాడి స్నేహితులు పదిమంది టేపు రికార్డరు పెట్టుకుని గంతులేస్తున్నారు. కుడిచెయ్యి ముందుకు, ఎడమచెయ్యి ముందుకు, భుజాలు, తల, నడుం. టీచరు తలెత్తింది. పదిమందీ ఒక్కసారిగా చెవులు మూసుకుని గొంతుక్కూర్చున్నారు. పాటలో ఎవడో "హోయ్" అన్నాడు. ఎగిరి లేచి గిర్రున ఒక చుట్టు తిరిగారు.

చేట చేతిలోంచి జారి బియ్యమంతా మెట్ల మీద పడింది.

"ఏందీ టీచరమ్మా, గట్ల నిలవడ్డవ్? బీపీ గిట్ల పెరిగిందా?" అని అనసూయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అనసూయమ్మా, అది నా పాట."

"ఏది?"

"ఓలబింబా!"

అనసూయమ్మ ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

కానీ జ్వరం లేదు. రాత్రికల్లా టీచరు కేసంతా కట్టేసింది. డెబ్బై ఒకటిలో విదేశాల నుంచి ఒక దొరసాని బడి చూడటానికి వచ్చింది. చేతిలో ఇంత పెద్ద టేపు రికార్డరు. ఎల్కేజీలో అరగంట కూర్చుని పాట రికార్డు చేసుకుంది. చేతులెలా తిప్పాలో రెండుసార్లు అడిగి, తనూ తిప్పి చూసుకుంది, వెళ్తూ వెళ్తూ "వెరీ గుడ్" అంది. ఎందుకన్నదో ఇప్పుడు తెలిసింది.

"ఏమండీ, నా పాట దొరలు ఎత్తుకుపోయారు."

"ఎప్పుడు?"

"డెబ్బై ఒకటిలో."

"ఇరవై ఆరేళ్ల కిందటి పోగొట్టుకున్న సామాను ఏ స్టేషన్లోనూ దొరకదే మణీ. పైగా రాగం వేరుగా ఉంది కదా!"

"సైకిలు ఎత్తుకుపోయినవాడు దానికి వేరే రంగు వెయ్యడూ? రంగు మారుస్తాడు, బెల్లు మారుస్తాడు. పెయింటు కింద గీసుకున్న పేరు మర్చిపోతాడు. ఆ చెవులు మూసుకోవడం నా పేరండీ! లోకంలో ఇంకెవడికి పడుతుంది ఆ కర్మ? పట్టాల పక్కన పాఠం చెప్పిందాన్ని నేనొక్కదాన్నే."

దేవానందం గారికి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే మనకూ దొరకదు.

మర్నాడే ఆవిడ మంచి చీర కట్టుకుని పాస్టరు గారింటికి వెళ్లింది. "వందనాలు అయ్యగారూ" అని కుర్చీ అంచున కూర్చుని విషయం చెప్పింది. జకర్యా అయ్యగారు నెమ్మదస్తుడు. పెళ్లిళ్లలో కూడా మెల్లగా నవ్వే మనిషి.

"అమ్మా, సంఘ సావనీరులో ఓలబింబా అని వేస్తే పెద్దలేమంటారో..."

"ఆ మాట వెయ్యొద్దు అయ్యగారూ. 'ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఒకానొక గీతమునకు మాతృకను రచించిన సహోదరి' అని వేసి, కింద నా పేరు పెట్టండి చాలు."

ఆ వాక్యం ఆవిడ దారిలోనే తయారు చేసుకుంది. అయ్యగారు కాదనలేకపోయారు, అవుననలేకపోయారు. "ముందు సంగతి నిర్ధారణ చేసుకుందామమ్మా" అన్నారు. ఈలోగా స్త్రీల సమాజంలో వార్త గుప్పుమంది. సగం మంది నమ్మారు, సగం మంది నవ్వారు, మొత్తం అందరూ మాట్లాడుకున్నారు. అప్పుడు చర్చిలో కీబోర్డు వాయించే మేబెల్, "ఆంటీ, మా తమ్ముడి దగ్గర అసలు పాట వీడియో క్యాసెట్టు ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత హాల్లో పెడదాం, అందరం చూద్దాం" అంది. పాపం, మేలు చేద్దామనే అంది.

ఆ ఆదివారం ప్రసంగం ఎవరికీ ఎక్కలేదు. ఆశీర్వాదం అవగానే అందరూ హాల్లో కుర్చీల కోసం తోసుకున్నారు. టీచరు ముందు వరసలో, బైబిలు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. టీవీలో సముద్రం ఒడ్డు, ఎండ, రంగురంగుల బట్టలేసుకున్న అమ్మాయిలు. ఆ బట్టల కొలత చూసి జకర్యా అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, పాట అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నారు. కుడిచెయ్యి ముందుకు వచ్చింది. "చూశారా" అంది టీచరు. ఎడమచెయ్యి. "చూశారా!" భుజాలు, తల, నడుం. ఆవిడ సగం లేచి నిలబడింది.

టీవీలో అమ్మాయిలు నవ్వుతూ ఒక గెంతు గెంతి పక్కకు తిరిగారు. మళ్లీ కుడిచెయ్యి చాపారు.

"రైలేదీ?" అంది టీచరు.

మేబెల్ వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. గెంతే. మూడోసారి కూడా గెంతే. చెవులు ఎవరూ ముట్టుకోలేదు, కింద ఎవరూ కూర్చోలేదు.

"మధ్యలో ఏమైనా కోసేశారేమో చూడమ్మా" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"లేదాంటీ. ఉన్నదంతా ఇదే."

వెనక వరసలోంచి ఎవరో, "సముద్రం ఒడ్డుకు రైలెందుకొస్తుందక్కా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. అయ్యగారు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దగ్గారు. అది దగ్గు కాదని చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా తెలిసింది. జ్ఞానమణి టీచరు బైబిలు సంచీలో పెట్టుకుని, అందరికీ వందనాలు చెప్పి బయటికి నడిచింది. ఇంటికొచ్చి వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చింది. దొంగతనం జరగలేదని తెలిసి ఏడ్చిన మనిషి ప్రపంచంలో బహుశా ఆవిడొక్కతే.

తర్వాత రెండు నెలలు ఆవిడ స్త్రీల సమాజానికి వెళ్లలేదు. వీధి చివర దుకాణంలో ఎవరో "ఓలబింబా టీచర్" అన్నారని కూరలకు కూడా దేవానందం గారినే పంపేది. ఆయన ముదిరిన బెండకాయలు తెచ్చినా ఏమీ అనకపోవడంతో ఆయనకు నిజంగా భయం వేసింది. సావనీరు వచ్చింది. పియానో బాగుచేసినాయన పేరుంది. టీచరు తదితరుల్లోనే ఉంది. ఇంత రభస జరిగినా, టీవీలో దొరసానులు వెయ్యని ఆ స్టెప్పు మన వీధిలో కుర్రాళ్లకు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. అవమానంలో మునిగి ఉన్న టీచరుకూ తోచలేదు.

ఆ మాఘమాసంలో సదాశివ పెళ్లి కుదిరింది. అమ్మాయిది నల్లగొండ. పెళ్లి పద్మారావు నగర్లో ఒక ఫంక్షన్ హాల్లో. "నువ్వు రాకుంటే నేను సుత పోను, మొగపెండ్లివాళ్లే లేకుంట పెండ్లి జేసుకుంటరు" అని అనసూయమ్మ బెదిరిస్తే టీచరు బయల్దేరింది. సాయంత్రం హాలు బయట ఎదుర్కోళ్లు. మగపెళ్లివారు బ్యాండుతో వస్తుంటే ఆడపెళ్లివారు ఎదురొచ్చి, పానకం ఇచ్చి, మర్యాద చేసి లోపలికి తీసుకెళ్లాలి. ఇటు అరవై మంది, అటు అరవై మంది. ఊరేగింపు చివర, అలవాటు కొద్దీ, దేవానందం గారు. ఆయన పక్కన టీచరు, చేతిలో స్టీలు గిన్నెల ప్యాకెట్టు.

బ్యాండు మాస్టరు బ్రహ్మచారి కార్నెట్టు ఎత్తి ఓలబింబా అందుకున్నాడు. టీచరు తల దించుకుంది. రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి మొదలుపెట్టాయి. అందరికంటే ముందు పెళ్లికూతురి మేనమామ రామ్మోహనరావు, బొద్దుగా ఉన్నా హుషారైన మనిషి. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, భుజాలు, తల, నడుం. నల్లగొండ వాళ్లు టీవీలో చూసినట్టే నవ్వుతూ ముందుకు గెంతారు. చిలకలగూడ వాళ్లు చెవులు మూసుకుని కింద కూర్చున్నారు. గాల్లో ఉన్న రామ్మోహనరావు తనకు ఎదురుగా మనిషి లేకపోయేసరికి ఆపుకోలేక, కూర్చున్నవాళ్లలో ఇద్దరి మీదుగా వెళ్లి పెద్ద డ్రమ్ము మీద పడ్డాడు. డ్రమ్ము ధామ్మంది. మిగతా బ్యాండు ఆగిపోయింది.

ఆయన లేచి పంచె సర్దుకున్నాడు. పడినందుకు కాదు ఆయనకు కోపం.

"ఏం మర్యాద ఇది? మేం పానకం వట్టుకొని ఎదురొస్తే మా మొకం మీద చెవులు మూసుకుంటరా? మా మాట ఇనమనా? కింద కూసుంటరా? లోపటికి రామనా?"

"అయ్యో అన్నా, డాన్స్ అది! డాన్స్‌ల గట్లనే ఉంటది" అంది అనసూయమ్మ.

"మాకు టీవీ లేదా? మేం సూడలేదా? అండ్ల ఏడుంది గిది? ఎవడు నేర్పిండు మీకు?"

బాసికం కట్టుకుని ముందు నిలబడిన సదాశివ తల గోక్కున్నాడు. "ఎవరు నేర్పుతరు మామా? గది... ఎవరూ నేర్పలే. ఆడికొచ్చేసరికి అదే వస్తది. సిన్నప్పటిసంది."

ఊరేగింపు చివర జ్ఞానమణి టీచరు గిన్నెల ప్యాకెట్టు భర్త చేతిలో పెట్టింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"కూర్చున్నవాళ్లంతా చేతులెత్తండి!"

ఆ గొంతు ఎల్కేజీ గొంతు. నాలుగేళ్లుగా వాడలేదు, అయినా తుప్పు పట్టలేదు. యాభైకి పైగా చేతులు లేచాయి. కొందరికి బట్టతలలు.

"మిషన్ బడిలో చదవనివాళ్లు దించండి."

ఎనిమిదో తొమ్మిదో దిగాయి. అందులో ఒకడు, "నేను వేరే బడి, మా అన్న నేర్పిండు టీచర్" అని వెంటనే సంజాయిషీ చెప్పుకున్నాడు. మిగతావన్నీ అలాగే నిలబడ్డాయి. కార్నెట్టుతో సహా బ్రహ్మచారి చెయ్యి కూడా. ఆ వెనక గడ్డం కింద మచ్చతో కండక్టరు. పెళ్లికని సఫారీ తొడుక్కుని వచ్చాడు, వాడి చెయ్యి అందరికంటే ఎత్తులో ఉంది.

సదాశివ ఆవిడ ముఖంలోకి చూశాడు, తన చేతివైపు చూసుకున్నాడు.

"అరె," అన్నాడు మెల్లగా, "పది ఇరవై ప్యాసింజర్!"

"ఎవరది?" అన్నాడు రామ్మోహనరావు.

"మా జ్ఞానమణి టీచర్ మామా!" అని సదాశివ అరిచాడు. "గీమెనే నేర్పింది! రైలొస్తే చెవులు మూసుకోవాలె!"

ఆ పేరు నడిరోడ్డు మీద అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. టీచరు కొంగు సరిచేసుకుంది. తర్వాత మేనమామవైపు తిరిగింది. "అన్నయ్యగారూ, వీళ్లది అమర్యాద కాదు. నేను పెట్టిన అలవాటు. రండి, మీకూ నేర్పుతాను. బ్రహ్మచారీ, మొదట్నుంచి వాయించరా."

ఈసారి నూట ఇరవై మందీ కలిసి వేశారు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, భుజాలు, తల, నడుం. టీచరు ముందు నిలబడి కార్నెట్టును మించిన గొంతుతో ఏనుగొచ్చె, ఎలుక వచ్చె అని పాడింది. నడుం దగ్గరికి వచ్చి చెవులు మూసుకుని తనూ కూర్చుంది. ఆ ఊపులో అరవై రెండేళ్ల మోకాళ్ల సంగతి మర్చిపోయింది.

అందరూ కూర్చున్నారు. రామ్మోహనరావు కూర్చున్నాడు, పానకం బిందె పట్టుకున్నావిడ బిందె దించి మరీ కూర్చుంది. "హోయ్" అనవలసిన బ్రహ్మచారి కూడా కార్నెట్టు ఒళ్లో పెట్టుకుని, చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఒక్కరూ లేవలేదు. పద్మారావు నగర్ రోడ్డు మీద నూట ఇరవై మంది గొంతుక్కూర్చుని టీచరు ముఖంలోకి చూస్తున్నారు. వెనక ఆగిపోయిన బస్సు డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"టీచర్," అన్నాడు సదాశివ బాసికం పక్కకు జరుపుకుని, "పోయిందా?"

జ్ఞానమణి టీచరు మెడ చాచి వరస చివరిదాకా చూసింది. కళ్లు మసకేసి ఎవరూ సరిగా కనపడలేదు. మోకాళ్లు ఎలాగూ లేవనిచ్చేలా లేవు.

"ఇంకా పోలేదురా," అంది. "కూర్చోండి."